గుడ్లు ఆపేసిన కోడిని బోనాలకు అమ్మేయకండి

ఈసారి పంట గురించి కాదు, కోడి గురించి. వీడియో చూసినవాళ్లకు మా అమ్మ పెంచే నల్ల పెట్ట గుర్తుండే ఉంటుంది. చూడనివాళ్లు ఇది చదివాక చూసినా పర్వాలేదు. కోడిని ఎట్లా పట్టుకోవాలి, ఎక్కడెక్కడ తడిమి చూడాలి అన్నది అందులో చేత్తో చూపించాను. వీడియోలో చెప్పలేకపోయింది ఒకటుంది, అది ఇక్కడ రాస్తున్నా.

మా ఇల్లు లాల్‌దర్వాజాలో, పొలం యాచారం వైపు. పొలంలో కూరగాయలు, ఒక మోస్తరు నాటుకోళ్ల మంద ఉన్నాయి. ఇంటి వెనక పాత వాకిట్లో అమ్మ సొంతంగా పెంచుకునే తొమ్మిది కోళ్లు వేరే. గుడ్లూ కూరగాయలూ మా గల్లీ చుట్టుపక్కలే అమ్ముకుంటాం. అంటే మా గుడ్డు తినేవాడు మాకు రోజూ ఎదురుపడే మనిషే. ఏదైనా తేడా వస్తే తప్పించుకు తిరగడానికి లేదు.

పోయినేడాది ఆషాఢం మొదట్లో నల్ల పెట్ట గుడ్లు ఆపేసింది. రెండు రోజులు అమ్మ పట్టించుకోలేదు. మూడో రోజు అది ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసుకుని గోడ మూలకు నిలబడింది. మేత వేస్తే మిగతావి ఉరికొస్తుంటే ఇది రెండు గింజలు ఏరి మళ్లీ మూలకే పోయింది.

ఇక సలహాలు. మా బాబాయి వరసాయన "ఇంకో పదిహేను రోజుల్ల బోనాలు, ఇప్పుడే అమ్మెయ్ రా. సచ్చిపోతే రూపాయి రాదు" అన్నాడు. మందుల షాపులో అడిగితే, కోడిని చూడకుండానే పసుపు రంగు పొడి ప్యాకెట్ చేతిలో పెట్టి "నీళ్లల్ల కలపండి" అన్నారు. మన సహజ వ్యవసాయం వాట్సాప్ గ్రూపులో పెడితే వెల్లుల్లి, పసుపు, వేపాకు, తులసి అంటూ అరగంటలో పద్నాలుగు కషాయాలు వచ్చాయి. ముగ్గురూ మంచి మనసుతోనే చెప్పారు. కానీ కోడిని చేతిలోకి తీసుకుని చూడమని ఒక్కరు కూడా అనలేదు.

ఈ మూడింట్లో నాకు ఎక్కువ భయమేసేది మొదటి సలహా. ఎందుకంటే ఆ పని నేను ఒకసారి చేసినవాణ్ణే.

మూడేళ్ల కిందటి మాట. డిప్లొమాలో కోళ్ల టీకాల పట్టిక బట్టీ పట్టి పరీక్ష రాసినోణ్ణి, సహజ వ్యవసాయంలోకి వచ్చాక మాత్రం "దేశీ కోడికి సూది ఎందుకు, దాని శక్తి దానికి ఉంటుంది" అని నమ్మాను. టీకా వేయలేదు. అదీ బోనాల ముందే. పొలంలో రెండు పెట్టలు గుడ్లు ఆపి ముడుచుకున్నాయి. వానకు అనుకున్నా. ఆ వారంలో అడిగినవాళ్లకు కాదనకుండా, చూడ్డానికి బాగున్న నాలుగు కోళ్లు అమ్మాను. బోనాల వారం నాటుకోడి రేటు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. అమ్మిన నాలుగో రోజు మంద పడిపోవడం మొదలైంది. ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి గస, రెండింటికి మెడ వంకర తిరిగింది. కొక్కెర తెగులు. పదకొండు కోళ్లు పోయాయి. అంతవరకు నా నష్టం. కానీ నా దగ్గర కోడి కొన్న ఒకామె దాన్ని పండగ దాకా తన పెరటి కోళ్లతో కలిపి ఉంచింది. ఆమెకున్న ఆరు కోళ్లూ పోయాయి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "అమ్మవారికి మొక్కుకున్న కోడి బిడ్డా" అని మాత్రం అన్నది. డబ్బులు తిరిగిచ్చాను, తీసుకుంది. ఇప్పటికీ మా గుడ్లు కొనదు.

కొక్కెర తెగులంటే రాణీఖేత్. హిమాలయాల్లో ఉన్న ఆ ఊళ్లో 1920లలో మన దేశంలో దాన్ని గుర్తించారు కాబట్టి ఆ పేరొచ్చింది. బయట దేశాల్లో న్యూకాజిల్ అంటారు, అదీ ఇంగ్లండులో ఊరి పేరే. వైరస్ సోకాక కోడి పైకి మామూలుగా తిరుగుతూనే కొన్ని రోజులు గడుపుతుంది. రెట్టలో, ముక్కు నీళ్లలో జబ్బు పోతూనే ఉంటుంది. కొన్నవాడి కంటికి కనపడదు, అమ్మినవాడికి మాత్రం "రెండు గుడ్లు ఆపాయి కదా" అన్న సంగతి తెలుసు. అందుకే అంటున్నా, మందలో ఒక్క కోడి కారణం తెలీకుండా గుడ్లు ఆపి ముడుచుకుంటే, ఆ కోడే కాదు, ఆ మందలోని ఏ కోడీ గేటు దాటకూడదు. సంగతేమిటో తేలేదాకా అమ్మకం బంద్.

బోనాలు ఎట్లా మొదలయ్యాయని అడిగితే మా పెద్దవాళ్లు రోగం కథే చెప్తారు. 1813 ప్రాంతంలో జంట నగరాల్లో మహమ్మారి వస్తే, ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి సిపాయిలు మహంకాళికి మొక్కుకున్నారని, రోగం తగ్గాక వచ్చి ఇక్కడ గుడి కట్టి బోనం ఎత్తారని చెప్పుకుంటారు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి అయ్యాక, మా లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాలు వస్తాయి. రోగం పోయినందుకు చేసే పండగ పేరు మీద ఇంటింటికీ రోగం పంచుడేంది? నాకైతే ఇది వ్యాపారం తప్పు కంటే పెద్ద తప్పు అనిపిస్తుంది.

సరే, నల్ల పెట్ట దగ్గరికొద్దాం. ఈసారి ముందు దాన్ని గంప కింద పెట్టి, వాకిలి అవతల మెట్ల కింద వేరుగా ఉంచాను. నీళ్ల చిప్ప వేరు, మేత చిప్ప వేరు. బాగున్నవాటి పని అయ్యాకే దీని దగ్గరికి పోవడం, తర్వాత కాళ్లూ చేతులూ కడుక్కోవడం. ఇంట్లో ముగ్గురు మనుషులు, ఒక ఇరుకు వాకిలి, ఇంతకంటే మా వల్ల కాదు. ఇది చేసినా చాలా వరకు ఆగుతుంది.

పక్కింటి ఖాలా వాళ్లది తరాల నుంచి అసీల్ కోళ్లు పెంచే ఇల్లు. గోడ మీంచి చూసి "పైలే హాత్ మే లేకే దేఖో బేటా" అన్నది. ముందు చేతిలోకి తీసుకుని చూడు అని. ఆమె గ్రూపులో లేదు మరి.

రెక్కలు కదలకుండా చంకలో పెట్టుకుని చూశాను. తురాయి ఎర్రగా ఉండాల్సింది, గులాబీ కూడా కాదు, తెల్లబారింది. రొమ్ము ఎముక చేతికి కత్తి అంచులా తగిలింది, రెండు పక్కలా కండ లేదు. అంటే ఇది మూడు రోజుల జబ్బు కాదు, వారాల నుంచి నడుస్తోంది, మేమే చూడలేదు. ఈకలు ఉబ్బించుకుంటే కోడి లావుగానే కనబడుతుంది, తడిమితే తప్ప తెలీదు. మెడ కింద మేత నిండే సంచి మెత్తగానే ఉంది. పొద్దున మేత వేయకముందు అది ఖాళీగా ఉండాలి. గట్టిగా బంతిలా ఉంటే గడ్డి పీచో, ప్లాస్టిక్కో అడ్డం పడినట్టు. మా ఓల్డ్ సిటీ కోళ్లకు ప్లాస్టిక్ పెద్ద గండం. రెట్ట పల్చగా ఉంది కానీ ఆకుపచ్చ లేదు, నెత్తురు లేదు. గస లేదు, ముక్కులో నీళ్లు లేవు.

తర్వాత తోక కింద. గుడ్డు వచ్చే దారికి రెండు పక్కలా సన్నటి ఎముకలు రెండు తగులుతాయి. గుడ్లు పెట్టే కోడికి వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడతాయి, దారి తడిగా వెడల్పుగా ఉంటుంది. దీనికి ఒక్క వేలు కష్టంగా పట్టింది, దారి ఎండి ముడుచుకుని ఉంది. అంటే లోపల గుడ్డు అడ్డం పడలేదు, ఒళ్లే గుడ్ల పని మానుకుంది.

ఈ తేడా తెలియడం చాలా ముఖ్యం. గుడ్డు అడ్డం పడిన కోడి వేరేలా ఉంటుంది. నిటారుగా నిలబడి, తోక కిందికి వాల్చి, మాటిమాటికి ముక్కుతుంది. పొట్ట కింద గట్టిగా తగులుతుంది. దానికి గోరువెచ్చని నీళ్ల తొట్టిలో పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, దారికి కొంచెం నూనె రాసి, చీకటిగా వెచ్చగా ఉన్నచోట వదిలేయాలి. కొన్ని గంటల్లో పెట్టకపోతే డాక్టర్ దగ్గరికే. పొట్ట నొక్కి బయటికి తీద్దామని చూడొద్దు, లోపల పగిలితే కోడి దక్కదు.

ఇంకో మాట. గుడ్లు ఆపిన ప్రతి కోడీ జబ్బుది కాదు. పొదుగుకు కూర్చుంటే ఆపుతుంది, 21 రోజులు కదలదు. ఈకలు రాల్చేటప్పుడు రెండు మూడు నెలలు ఆపుతుంది. చలికాలంలో మన దగ్గర పగలు 11 గంటలకు తగ్గుతుంది, అప్పుడూ తగ్గుతాయి. నాటుకోడి ఏడాదికి పెట్టేదే అరవై డెబ్బై గుడ్లు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తెచ్చిన గ్రామప్రియతో దాన్ని పోల్చి "ఇది పెడ్తలేదు" అని బాధపడితే తప్పు కోడిది కాదు. ముసలిదైపోయి, ఆరోగ్యంగా ఉండి గుడ్లు ఆపిన కోడిని కూర వండుకున్నా, సంగతి చెప్పి అమ్మినా నాకేం అభ్యంతరం లేదు. నేనూ చేస్తాను. నా గొడవంతా ముడుచుకున్న కోడి గురించే.

తెల్లబారిన తురాయి అంటే ఒంట్లో నెత్తురు తగ్గింది. ఎక్కడికి పోతోంది? పొట్టలో పురుగులైనా కావాలి, ఒంటి మీద తాగేవైనా కావాలి. పగలు ఈకలు విప్పి చూస్తే రెండు మూడు పేలు తప్ప ఏమీ కనపడలేదు. రాత్రి పది గంటలకు సెల్‌ఫోన్ లైటు వేసుకుని గూటి దగ్గరికి పోయాను. కోళ్లు ఎక్కి పడుకునే వెదురు దండెం కింద తెల్ల గుడ్డతో రుద్దితే గుడ్డంతా నెత్తుటి మరకలు. ఎర్ర నల్లులు. పగలంతా చెక్క సందుల్లో, వెదురు కణుపుల్లో దాక్కుంటాయి, రాత్రి వచ్చి నెత్తురు తాగి పోతాయి. అందుకే పగలు కోడిని ఎంత వెతికినా దొరకవు. నల్ల పెట్ట ఎప్పుడూ ఆ దండెం గోడ చివర పడుకుంటుంది, సందులన్నీ అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు చెప్పండి, ఈ కోడికి పసుపు పొడి ఏం చేసేది? వేపాకు కషాయం తాగిస్తే చెక్క సందుల్లోని నల్లి చస్తుందా? జబ్బు కోడిలో లేదు, గూట్లో ఉంది.

గూడు ఖాళీ చేశాం. పాత వెదురు కాల్చేశాం. సందుల్లో మరిగే నీళ్లు పోసి, ఎండాక సున్నం కొట్టి, కొత్త దండేనికి వేపనూనె పట్టించాం. ఎండకాలం, వానకాలం ఎర్ర నల్లి గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం పది రోజులు చాలు, కాబట్టి వారం వారం మూడుసార్లు చేశాం. ఒక్కసారి చేసి వదిలేస్తే చేయనట్టే. పాత టైరులో కట్టెల బూడిద, పొడి మన్ను, ఎండిన వేపాకు పొడి కలిపి పెడితే కోళ్లు వాటంతట అవే స్నానం చేస్తాయి. వేపకు, బూడిదకు అసలు చోటు ఇక్కడ. సహజ పద్ధతి పనిచేయదని నేను అనడం లేదు, పనిచేసే చోట వాడాలి అంటున్నా.

పెట్టకు మొదటి రెండు రోజులు బెల్లం, చిటికెడు ఉప్పు వేసిన నీళ్లు, తర్వాత నూకలు, సజ్జలు, మునగాకు, రోజూ కొంచెం ఉడికించిన గుడ్డు. పెంకుల పొడి వేరే చిప్పలో పెట్టాం, కావాలంటే తింటుంది. చాలామంది గుడ్లు ఆపగానే కాల్షియం కుమ్మరిస్తారు. ఒక గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, పెట్టే కోడికి అది కావాలి. పెట్టనిదానికి బలవంతంగా పోస్తే మూత్రపిండాలకు బరువు. పొట్ట పురుగులకు రెట్ట తీసుకెళ్లి పశువుల ఆసుపత్రిలో చూపించాను, ఉన్నాయన్నారు, మందు రాసిచ్చారు, వేశాను. అంతకుముందు బొప్పాయి గింజలు పెట్టి చూశాను, నాకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మీకు పనిచేస్తే రెట్ట పరీక్ష చేయించి చెప్పండి, మానేస్తాను. పురుగు మందు వేసినప్పుడు ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో డాక్టర్‌ను అడిగి, అన్ని రోజులు మిగతా కోళ్ల గుడ్లు కూడా తీసి పారేశాం, ఎందుకంటే మందు అన్నిటికీ వేశాం. కొనేవాళ్లకు "ఈ వారం ఇంటి గుడ్లు లేవు, కోళ్లకు మందు వేశాం" అని చెప్పాను. ఇద్దరు ముఖం చిట్లించారు. మిగతావాళ్లు వచ్చే వారం ఎప్పటిలాగే వచ్చారు.

ఆ పసుపు పొడి గురించి కూడా చెప్పాలి. అది టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్. నల్లి మీద, పురుగు మీద, వైరస్ మీద దానికి పని లేదు. కోడి తాగిన మందులో చాలా భాగం రెట్టలో బయటికొస్తుంది. ఆ రెట్టనే మనం ఎరువులో వేస్తాం. నేలలో సూక్ష్మజీవులు పెరగాలని జీవామృతం పోసే మనమే, వాటిని చంపే మందును రెట్టతో కలిపి అదే మడిలో చల్లుతున్నాం. కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ వాడొద్దని 2019లో కేంద్రం నిషేధం పెట్టిందంటే సంగతి ఎంత దూరం పోయిందో అర్థం చేసుకోవచ్చు. డాక్టర్ చూసి అవసరమంటే వాడదాం, చెప్పినన్ని రోజులూ వాడదాం. చూడకుండా ఇచ్చే పొడి వద్దు.

ఇక టీకా. మనవాళ్లలో చాలామందికి నచ్చని మాట చెప్తున్నా. కొక్కెర తెగులుకు కషాయం లేదు, మందూ లేదు. టీకా వేయని మందలో వస్తే ఒక్కోసారి ఒక్కటీ మిగలదు. టీకా రసాయన ఎరువు లాంటిది కాదు, అది కోడి ఒంటి శక్తికే నేర్పే పాఠం. పిల్లకు మొదటి వారంలో కంట్లో లసోటా చుక్క, నాలుగో వారంలో మళ్లీ, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్‌టూబి సూది. గుడ్లు పెట్టే కోడికి ఆర్‌టూబి వేస్తే గుడ్లు పడిపోతాయి, అందుకే పెట్టకముందే వేయాలి. పెద్దవాటికి లసోటా నీళ్లలో ఇవ్వొచ్చు. కానీ నల్లా నీళ్లలో వద్దు, క్లోరిన్ టీకాను చంపేస్తుంది. బోరు నీళ్లలో కొంచెం వెన్న తీసిన పాలపొడి కలిపి ఇస్తే మంచిది. జబ్బు మొదలయ్యాక టీకా వేసి లాభం లేదు, ముడుచుకున్న కోడికి అసలు వేయకూడదు.

దీంట్లో నిజమైన కష్టం ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. టీకా సీసాలో వంద డోసులో, అంతకంటే ఎక్కువో ఉంటాయి. కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. తొమ్మిది కోళ్లున్న మా అమ్మ మిగతా తొంభై డోసులు ఏం చేసుకుంటుంది? పెరటి కోళ్లవాళ్లు టీకా వేయకపోవడానికి మూఢనమ్మకం కంటే ఈ సీసానే పెద్ద కారణమని నా అభిప్రాయం.

"మాకు వచ్చే నష్టం ఎవరు ఇస్తారు అన్నా" అని మీరు అడుగుతారు. ఎవరూ ఇవ్వరు. ఒక కోడి పోతే పోయినట్టే. మూడేళ్ల కింద ఆ నాలుగు కోళ్లు అమ్మకుండా ఉంటే అవి కూడా చచ్చేవే, నాకు ఇంకా నష్టం. లెక్కలో నేను ఓడిపోతాను, ఒప్పుకుంటా. కానీ ఆమె ఆరు కోళ్లు బతికి ఉండేవి. జబ్బేమిటో తెలీని కోడిని "ఎట్లాగూ పోయేదే" అని ఇంట్లో కోసుకోవడం కూడా వద్దు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా. ఒకేసారి రెండు మూడు పడిపోతే ముట్టుకోకుండా పశువుల డాక్టర్‌కు ఫోన్ చేయండి. చచ్చిన కోడిని నాలాలో వేయకండి, కుక్కలు ఇంకో గల్లీకి మోసుకుపోతాయి. లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి.

నల్ల పెట్ట బోనాల నాటికి తిరగడం మొదలుపెట్టింది కానీ గుడ్డు పెట్టలేదు. పండగ రోజు మా ఆడబిడ్డలొచ్చారు, కూరకు కోడిని బయట కొన్నాం. ఇంట్లో కోళ్లు పెట్టుకుని కోడిని కొనుక్కొచ్చారని బాబాయి ఇప్పటికీ నవ్వుతాడు. గంప కింద పెట్టిన ముప్పై ఎనిమిదో రోజు పొద్దున అమ్మ మెట్ల మీంచి కేకేసింది, చిన్న గుడ్డు, పెంకు మీద గరుకు మచ్చలు. తర్వాతివి బాగానే వచ్చాయి.

ఈ ఏడు టీకా సీసా సమస్యకు మేము ఒక పని చేస్తున్నాం. ఆషాఢానికి నెల ముందు ఒక ఆదివారం మా గల్లీ, వెనక గల్లీ కలిపి పద్నాలుగు ఇళ్ల కోళ్లు లెక్కేస్తే తొంభై మూడు తేలాయి. సీసా ఒకటి, ఐసు డబ్బా ఒకటి. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించాలి. కోళ్లను ఒకచోటికి తేవద్దు, జబ్బు అంటుకుంటుంది. మేమే ఇంటింటికీ వస్తాం, ముందు రాత్రే గంపల కింద కమ్మి ఉంచండి. ఖాలా పట్టుకుంటానన్నది, చుక్క నేను వేస్తాను. ఆ ఆరు కోళ్లు పోగొట్టుకున్నామె ఇల్లు కూడా లిస్టులో ఉంది. మళ్లీ నాలుగు పెంచుతోందట.